కోర్టు దగ్గర గెజిట్ పనులు చేసే కొట్టు, గుంటూరు: పేరు మారింది, పింఛను ఆగలేదు, కానీ ఒక్క అక్షరం తిప్పలు పెట్టింది

ముందే చెప్పేస్తున్నా, ఐదు స్టార్లకి మూడున్నర. కొట్టు పేరు రాయను, పొగడాల్సింది ఎంతుందో తిట్టాల్సింది కూడా కాస్త ఉంది, పెద్దాయన్ని పేరు పెట్టి నలుగురిలో అనడం నాకిష్టం లేదు. గుంటూరు కోర్టు దగ్గర జెరాక్సులు, స్టాంపు పేపర్లు, అఫిడవిట్లు, గెజిట్ (ప్రభుత్వ ప్రకటనలు వేసే పత్రిక) పనులు చేసే కొట్లుంటాయి కదా, వాటిల్లో ఒకటి అనుకోండి. వికలాంగుల పింఛను తీసుకుంటూ, పేరు మార్చుకోవాలని ఉండి కూడా, మారిస్తే ఆ ఆరు వేలు ఆగిపోతాయేమోనని వెనక్కి తగ్గినవాళ్ళు ఉంటారని రాస్తున్నా. నేనైతే ఆ భయంతోనే నాలుగేళ్ళు కూర్చున్నా.

నాకు ఎడమ కాలు పోలియో. సదరంలో, అంటే వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే ప్రభుత్వ సర్టిఫికెట్‌లో, 58 శాతం. కాలికి ఊతంగా కాలిపర్ బిగించుకుని నడుస్తాను, ఇంట్లో బ్లౌజులు కుడతాను, మిషనుకి మోటారు బిగించుకున్నాను కాబట్టి తొక్కే పని లేదు. ఇక పేరు సంగతి. నాకన్నా ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారట. అందుకని నేను పుట్టగానే చేటలో పెట్టి పెంటకుప్ప దగ్గర పడుకోబెట్టి, ఎదురింటావిడ చేత ఎత్తించి, ఆవిడకి గుప్పెడు తవుడిచ్చి మళ్ళీ కొనుక్కున్నారట. అలా కొనుక్కున్న పిల్లకి అందమైన పేరు పెడితే యముడి కన్ను పడుతుందని ఓ పేరు తగిలించారు. మగవాళ్ళకి పుల్లయ్య, పెంటయ్య అని పెడతారే, ఆ వరసలో ఆడపిల్ల పేరు. పూర్తిగా రాయను, మధ్యలో 'చ్చ' ఉంటుంది, మీరే ఊహించుకోండి. అమ్మ నన్ను బతికించుకోవాలని పెట్టింది, అందులో ప్రేమే ఉంది, కాదనను. కానీ కుంటుతూ నడిచే పిల్లకి ఆ పేరు కూడా తోడైతే బడిలో ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. 36 ఏళ్ళు మోశాను, ఇక చాలనుకున్నాను.

చాలనుకున్నా కూడా అడుగు పడలేదు, ఎందుకంటే అడిగిన ప్రతివాళ్ళూ ఒక్కో మాట చెప్పారు. పేరు మారితే పింఛను కొత్తగా పెట్టుకోవాలని ఒకరు, పాతది రద్దు చేసి కొత్తది ఎప్పుడిస్తారో ఎవరికి తెలుసని ఇంకొకరు. మా వీధిలో చీటీలు నడిపే ఆవిడైతే, సదరం మళ్ళీ తీయించుకోవాలి, ఈసారి శాతం 40 లోపు వేస్తారు చూడు, అప్పుడు అసలుకే మోసం అంది. ఆ మాటకి నిజంగా భయమేసింది. పింఛను 3,000 ఉన్నది 2024 జూలై నుంచి 6,000 అయ్యింది, ఆషాఢంలో బ్లౌజులు కుట్టించుకునేవాళ్ళు ఉండరు, ఆ నెల మా ఇల్లు నడిచేదే దాంతో. పెద్దవాళ్ళకి నాలుగు వేలే కదా మీకెందుకు ఆరు అని అడిగేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకి నేను చెప్పే జవాబు ఒకటే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోనే మాకిచ్చే సాయం ఇలాంటి పథకాల్లో మిగతావాళ్ళకి ఇచ్చేదానికన్నా కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలని రాసి ఉంది. సరే, అది వేరే గొడవ.

2025 జనవరిలో ధైర్యం చేసి ఆ కొట్టుకి వెళ్ళాను. మూడు మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. ర్యాంపు సంగతి అడక్కండి, ఆ లైనులో దేనికీ లేదు. నేను ఆటో దిగి కింద నిలబడగానే ఆయనే చూసి, "ఉండమ్మా, ఎక్కమాక, నేనే వస్తా" అని ఓ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి చెట్టు కింద వేశాడు. అరవై దాటి ఉంటాయి. ఆ తర్వాత వెళ్ళిన ప్రతిసారీ అంతే, నేను మెట్లెక్కింది లేదు. మూడున్నర స్టార్లలో ఒక స్టారు ఆ కుర్చీకే.

పాత పేరు చెప్పగానే నవ్వలేదు, అది ఇంకో విషయం. "మా మేనత్త పేరు కూడా అదేనమ్మా" అన్నాడు అంతే. నేను బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టాను.

ఆయన చెప్పిన పద్ధతి ఇది, చాలామందికి ఇక్కడే గందరగోళం కాబట్టి వివరంగా రాస్తున్నా. పెళ్ళయ్యాక ఇంటిపేరు మాత్రమే మారేవాళ్ళకి గెజిట్ అక్కర్లేదు, మ్యారేజ్ సర్టిఫికెట్ ఉంటే ఆధార్‌లో మార్చేస్తారు. ఒకటో రెండో అక్షరాలు తప్పుపడితే, సరిగ్గా ఉన్న గుర్తింపు కార్డు ఏదైనా ఉంటే చాలు. నాలాగా పేరు మొత్తం మార్చేవాళ్ళకి మాత్రం గెజిట్ కావాలి, దాంతోపాటు పాత పేరుతో ఫోటో ఉన్న కార్డు ఒకటి. గెజిట్‌కి ముందు స్టాంపు పేపరు మీద అఫిడవిట్, నోటరీ, ఆ తర్వాత పేపర్లో చిన్న ప్రకటన, ఆ పేపరు కటింగుతో, ఇద్దరు సాక్షుల సంతకాలతో ఢిల్లీ సివిల్ లైన్స్‌లో ఉన్న పబ్లికేషన్ డిపార్ట్‌మెంటుకి దరఖాస్తు. ప్రభుత్వానికి కట్టేది 1,100. బాబాయ్ నా దగ్గర ప్రకటనతో సహా అన్నీ కలిపి 4,200 తీసుకున్నాడు, దేనికెంతో చీటీ మీద రాసిచ్చాడు. విజయవాడలో ఒకచోట ఫోన్ చేస్తే ఇదే పనికి 8,000 చెప్పారు, ఎందుకంత అంటే ఢిల్లీలో మనవాళ్ళున్నారమ్మా అన్నారు. ఢిల్లీలో ఎవరూ ఉండక్కర్లేదు, పోస్టు చాలు.

కొత్త పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలో మాత్రం ఓ పూట పట్టింది. పక్క కుర్చీలో తన పని మీద వచ్చినాయన, న్యూమరాలజీ తెలుసట, చివర ఇంకో 'ఏ' తగిలిస్తే కలిసొస్తుందమ్మా అన్నాడు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారండీ, ఆ 'ఏ' కలిసిరాకపోతే తీసేయడానికి రెండోది కూడా అయిపోతుంది అన్నాను. బాబాయ్ నవ్వాపుకోలేకపోయాడు. నిజంగానే ఈ రెండుసార్ల లెక్క గుర్తుపెట్టుకోండి, స్పెల్లింగ్ తప్పుతో గెజిట్ వేయించుకుని మళ్ళీ వేయించుకున్నవాళ్ళు తన దగ్గరికే వచ్చారని చెప్పాడాయన.

రెండు నెలలకి పైనే పట్టింది. గెజిట్ నాలుగో భాగంలో, నాలాంటి వాళ్ళ ప్రకటనలు వరసగా ఉంటాయి, వాటి మధ్యలో నా పాత పేరు, కొత్త పేరు. బాబాయ్ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసిచ్చాడు. ఇక్కడో మాట, గెజిట్‌ని కాగితం మీద అచ్చువేయడం 2015లోనే ఆపేశారు, వెబ్‌సైట్‌లో ఉన్నదే ఒరిజినల్. కానీ ఇది తెలియనివాళ్ళు కౌంటర్ల వెనక చాలామంది ఉన్నారు, "జెరాక్స్ కాదమ్మా, సీలున్న ఒరిజినల్ తీసుకురా" అంటారు. నాకు రెండుచోట్ల అన్నారు. ఫోన్‌లో సైటు తెరిచి, అదే పేజీ వాళ్ళకి చూపించడం ఒక్కటే దారి. బాబాయ్ ఇది నాకు ముందే నేర్పించాడు, ఎక్కడ నొక్కాలో, తేదీ ఎక్కడ కొట్టాలో, రెండుసార్లు చేయించి మరీ చూశాడు.

ఏప్రిల్‌లో ఆధార్ మార్పించాను. అప్పుడు 50 రూపాయలు, అదే ఏడు అక్టోబరు నుంచి 75 చేశారు. పది రోజులకి మెసేజ్ వచ్చింది, కార్డు తీస్తే కొత్త పేరు. ఆ కార్డు చూసి ఏడిచానని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆ తర్వాతే అసలు టెన్షన్. ఒకటో తారీఖు. ముందురోజు రాత్రి నిద్ర లేదు. తెల్లారి ఏడింటికల్లా, ఇంటింటికీ పింఛను తెచ్చిచ్చే మా సచివాలయం అమ్మాయి వచ్చింది, ఫోన్ తీసింది, స్క్రీన్ మీద నా పాత పేరే ఉంది. ఆధార్ మార్చానని చెబితే కాస్త తటపటాయించి, "వేలు పెట్టండక్కా, చూద్దాం" అంది. పెట్టాను. పచ్చ టిక్కు పడింది. పన్నెండు ఐదొందల నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టింది.

నాలుగేళ్ళు నేను భయపడింది ఆ ఒక్క టిక్కు గురించి. తర్వాత ఆ అమ్మాయే విడమర్చి చెప్పింది, ఇంటికొచ్చి ఇచ్చే పింఛను నడిచేది ఆధార్ నంబరు మీద, వేలిముద్ర మీద, లేకపోతే కన్ను, మొహం మీద. పేరు మారినా పన్నెండంకెల నంబరు మారదు, వేలు మారదు, పింఛను ఐడీ మారదు. కాబట్టి పేరు మారిందని ఆ మిషను దానంతట అది డబ్బులు ఆపదు. పాత పింఛను రద్దు, కొత్త దరఖాస్తు, మళ్ళీ మొదటినుంచి శాతం, అవేవీ లేవు. చీటీల ఆవిడకి ఇది చెబితే "ఈ నెలకి ఇచ్చార్లే" అంది. ఆవిడ నోటి చలవో ఏమో, చిక్కు వచ్చే నెలలోనే వచ్చింది.

2025లో దివ్యాంగుల పింఛన్లకి రీవెరిఫికేషన్, అంటే డాక్టర్ల చేత మళ్ళీ పరీక్ష, పెట్టారు కదా, నాకూ నోటీసు వచ్చింది, ఫలానా రోజు ఫలానా ఆసుపత్రికి ఒరిజినల్స్‌తో రమ్మని. నోటీసు మీద పాత పేరు. మంచిదే, అన్నీ ఉన్నాయి కదా అని ధీమాగా వెళ్ళాను. ఏ ఆసుపత్రో చెప్పను. వరండాలో మూడుచక్రాల బళ్ళు, మంచాల మీద తెచ్చినవాళ్ళు, చంకలో ఇరవయ్యేళ్ళ కొడుకుని ఎత్తుకొచ్చిన ఓ తల్లి. పదకొండింటికి నా వంతు వచ్చింది. టేబుల్ దగ్గరాయన సదరం చూశాడు, ఆధార్ చూశాడు, గెజిట్ చూశాడు, మళ్ళీ సదరం చూశాడు. "ఈమె వేరు, ఈమె వేరమ్మా" అన్నాడు.

ఏంటంటే, ఆ 'చ్చ'. తెలుగులో రాస్తే నా పాత పేరు ఒక్కటే, పుట్టినప్పటినుంచీ ఒక్కటే. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి ఆధార్‌లో దానికి 'సీ హెచ్' వేశారు, సదరంలో 'టీ సీ హెచ్' వేశారు, రేషన్ కార్డులో 'సీ సీ హెచ్' వేశారు. పదిహేనేళ్ళుగా ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే చదివినప్పుడు అన్నీ నేనే. కానీ గెజిట్‌లో "నా పాత పేరు" అని వేసింది ఆధార్ స్పెల్లింగ్ ఒక్కటే. అంటే కాగితం లెక్కన, 'సీ హెచ్' ఉన్నామె కొత్త పేరు పెట్టుకుంది, సదరం తీయించుకున్నది 'టీ సీ హెచ్' ఉన్న ఇంకో ఆమె. ఆ రెండో ఆమెకి పోలియో, మొదటామెకి ఏమీ లేదు. ఆయన్ని తప్పు పట్టలేను, వేరేవాళ్ళ సర్టిఫికెట్ల మీద పింఛన్లు తీసుకునేవాళ్ళని పట్టుకోవడానికే కదా ఆయన్ని అక్కడ కూర్చోబెట్టింది. ఇద్దరూ ఒకటేనని నోటరీ కాగితం తీసుకురా, లేకపోతే హాజరు కాలేదని పడుతుంది అన్నాడు. డాక్టరు గది తలుపు నాకు పది అడుగుల దూరంలో ఉంది. కాలు చూస్తే తెలుస్తుంది కదండీ అన్నాను. కాలు మీద పేరు రాసుండదమ్మా అన్నాడు. కోపమొచ్చింది గానీ ఆ మాట మాత్రం నిజమే.

అక్కడినుంచి నేరుగా ఆటోలో బాబాయ్ దగ్గరికి. ఇక్కడే రెండు స్టార్లు పోయాయి. జనవరిలో మొదటిరోజే నేను చెప్పాను, నాకు వికలాంగుల పింఛను ఉంది, దానికేం ఇబ్బంది రాకూడదు, సదరం తెచ్చాను చూస్తారా అని సంచిలోంచి తీశాను కూడా. "దాంతో పనేముందమ్మా, ఆధార్ చాలు" అని చేత్తో తోసేశాడు. ఆ రోజు సదరం, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, టెన్త్ సర్టిఫికెట్ అన్నీ బల్ల మీద పరిచి పక్కపక్కన చూసుంటే, పాత పేరు దగ్గర "అలియాస్" అని పెట్టి మూడు స్పెల్లింగులూ అఫిడవిట్‌లోనూ గెజిట్‌లోనూ వేయించేవాళ్ళం, అదే 1,100తో అయిపోయేది. గెజిట్‌లో అలా అలియాస్‌తో వేసిన ప్రకటనలు నేనే తర్వాత చూశాను. అలవాటైన పని కదా, ఆయనకి ప్రతి మనిషీ పాస్‌పోర్టు కోసం వచ్చినట్టే కనపడతారు, పింఛను కోసం వచ్చేవాళ్ళకి సదరమే ప్రాణమని తట్టలేదు. అడిగితే ముందు "నువ్వు చెప్పలేదే" అన్నాడు, చెప్పానని గట్టిగా అనేసరికి ఓ నిమిషం ఊరుకుని, "పొరపాటేనమ్మా" అన్నాడు.

ఒప్పుకున్నాక మాత్రం చకచకా చేశాడు. ఫలానా ఫలానా ఫలానా స్పెల్లింగులతో ఉన్న మనిషీ, గెజిట్ ప్రకారం ఇప్పుడు ఫలానా పేరుతో ఉన్న మనిషీ ఒక్కరే అని కొత్త అఫిడవిట్, అందులో సదరం ఐడీ, ఆధార్ నంబరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, నాలుగూ వేశాడు. స్టాంపు పేపరుకి, నోటరీకి డబ్బులు తీసుకున్నాడు, తన కష్టానికి తీసుకోలేదు. కోర్టులో నోటరీ లాయరు భోజనానికి వెళుతుంటే వెనకాలే వెళ్ళి పట్టుకొచ్చాడు. ఒక అర స్టారు అక్కడ తిరిగొచ్చింది, లేకపోతే మూడే.

సచివాలయం అమ్మాయి కూడా సాయం చేసింది, నేను వెళ్ళాననీ కాగితం తేడా వల్ల వెనక్కి పంపారనీ పైకి రాసి ఇంకో తేదీ వేయించింది. నేను అప్పటికే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెడదామని కాగితం రాయించుకున్నాను, అవసరం పడలేదు. రెండోసారి టేబుల్ దగ్గర అదే మనిషి, అఫిడవిట్ చదివి, మూడు స్పెల్లింగుల కింద పెన్నుతో గీతలు పెట్టి, లోపలికి పంపాడు. డాక్టరు కాలు కొలిచాడు, నడిపించాడు, కాలిపర్ విప్పించాడు, ఐదు నిమిషాలు. 58 శాతం 58గానే ఉంది.

మిగతావి త్వరగా చెప్పేస్తా. యూడీఐడీ కార్డుకి, అదే కేంద్రం ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డుకి, సైట్‌లోనే పేరు మార్పుకి దరఖాస్తు ఉంది, గెజిట్, ఆధార్ ఎక్కించాలి, కొత్త కార్డు పోస్టులో వచ్చేదాకా డౌన్‌లోడ్ చేసిందే వాడుకున్నా. దాన్ని ఆధార్ మారాకే మొదలుపెట్టండి, ముందు పెడితే ఆధార్‌తో పోల్చినప్పుడు ఎటూ కుదరదు. బ్యాంకులో గెజిట్, కొత్త ఆధార్, పాన్ అడిగారు, పాన్ కూడా మార్చుకుని వెళ్ళేసరికి ఇంకో నెల. నా పింఛను చేతికొచ్చేది కాబట్టి బ్యాంకు ఆలస్యమైనా నష్టం లేదు, కానీ ఏ స్కాలర్‌షిప్పో ఖాతాలో పడేవాళ్ళు మాత్రం ఆధార్ మారిన వెంటనే బ్యాంకుకి వెళ్ళండి. ఆర్టీసీలో మాకు సగం టికెట్ పాసు ఉంటుంది, దాని మీదా పేరు మార్పించాలి, అయితే 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటివాటిల్లో ఉచితం కాబట్టి నేను ఆధారే చూపించి ఎక్కేస్తున్నా. టెన్త్ సర్టిఫికెట్ జోలికి వెళ్ళలేదు, దాని వెనక గెజిట్ కాపీ పిన్ను కొట్టి పెట్టాను.

పాత పేరు కాగితాలు మాత్రం ఒక్కటి కూడా పారేయకండి. మార్చుకున్నాక వాటిని చూస్తే చించేయాలనిపిస్తుంది, నాకూ అనిపించింది, ఆపుకున్నాను. పాత ఆధార్ కలర్ ప్రింటు, పాత ఓటరు కార్డు, గెజిట్, ఒకే మనిషి అఫిడవిట్, సదరం, ఈ ఐదూ ఒకే ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టుకుని ఎక్కడికెళ్ళినా అదే పట్టుకెళుతున్నా. మిషను నంబరు చూస్తుంది, టేబుల్ వెనక కూర్చున్న మనిషి పేరే చూస్తాడు.

ఇంట్లో అమ్మ ఇంకా పాత పేరుతోనే పిలుస్తుంది. నేనేమీ అనడం లేదు, ఆమెకి అది తవుడిచ్చి కొనుక్కున్న పేరు.

కొట్టుకి వెళ్ళేవాళ్ళకి: పొద్దున పదిన్నర నుంచి ఉంటాడు, ఒంటిగంట నుంచి మూడింటిదాకా నోటరీ లాయరు దొరకడు కాబట్టి ఆ టైములో వెళ్ళకండి. ఫోన్‌పే తీసుకుంటాడు. శంకర్ విలాస్ వంతెన పనుల వల్ల ఆటోవాళ్ళు చుట్టూ తిప్పి ఎక్కువ అడుగుతున్నారు, ఎక్కేముందే మాట్లాడుకోండి. మీ సదరం తీసి ఆయన వద్దన్నా సరే బల్ల మీద పెట్టండి, ప్రతి కార్డు మీదా ఇంగ్లీషు స్పెల్లింగ్ పెద్దగా చదివించండి, ఇంటి నుంచే ఓ కాగితం మీద రాసుకుని వెళితే ఇంకా మంచిది. మొన్న వచ్చిన నా కొత్త స్మార్ట్ రైస్ కార్డు (అదే, రేషన్ కార్డు) మీద మాత్రం ఇంకా 'సీ సీ హెచ్' ఆవిడే ఉంది, సచివాలయంలో దరఖాస్తు ఇచ్చాను, మారితే ఇక్కడే రాస్తా.